ఋణం తీర్చే ఉప్పు



వానాకాలంలో మన చెరువు నీళ్ళు ఎర్రగా ఉంటాయి. బిందెలో పట్టి ఉంచితే ఇసుక కాసేపటికే అడుగుకు దిగుతుంది. ఎరుపు మాత్రం రోజులు గడిచినా వదలదు. ఆ ఎర్రనీళ్ళే ఏటిలో పడి సముద్రాన్ని చేరగానే, మోసుకొచ్చిన మట్టిని దించేసుకుంటాయి. ఎందుకని? నేను కామర్స్ చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. అయినా ఈ విషయం నాకు సులువుగానే అర్థమైంది. ఇందులో ఉన్నదీ అప్పు, జమల వ్యవహారమే మరి!

ముందుగా మన ఏటి సంగతి. ఉత్తర పినాకిని అని మనం పిలిచే పెన్న పుట్టింది చిక్కబళ్ళాపురం జిల్లా నంది కొండల్లోనే. అనంతపురం, కడప దాటి, మొత్తం 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. బాగేపల్లి మీదుగా పోయే చిత్రావతి, కమలాపురం దగ్గర పెన్నలో చేరే పాపఘ్ని కూడా మన ప్రాంతంలో పుట్టినవే. అంటే మన పొలాల బంకమట్టికి చివరి మజిలీ నెల్లూరు తీరమన్నమాట.

బంకమట్టి రేణువు చాలా చిన్నది. మిల్లీమీటరును 500 భాగాలు చేస్తే అందులో ఒక భాగం, లేదా అంతకన్నా తక్కువ. కదలని నీటిలో కూడా అంత రేణువు రోజుకు అడుగు, అడుగుంపావు మించి దిగదు. దానిలో పదో వంతు ఉన్నదైతే అదే అడుగు దిగడానికి వంద రోజులు పడుతుంది. పోనీ నాలుగు కలిసి బరువెక్కి దిగవచ్చు కదా అంటే, అవి కలవవు. వాటి ఒంటి మీద విద్యుత్తు ఉంటుంది. మన శాస్త్రపుస్తకాలు దానికి పెట్టిన పేరు ఋణావేశం. అన్నీ ఋణగ్రస్తులే కావడంతో ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలోని సోడియం, మెగ్నీషియం, కాల్షియం మోసేది ధనావేశం. పేరులోనే ధనం! ఏటినీరు ఉప్పునీటిని తాకగానే ఇవి రేణువుల చుట్టూ మూగి, ఆ ఋణం బయటికి కనబడకుండా కప్పేస్తాయి. తోసుకోవడం తగ్గుతుంది. దగ్గరపడిన రేణువులు అంటుకుంటాయి. సూక్ష్మజీవులు వదిలే జిగురు ఆ అంటును ఇంకా గట్టిపరుస్తుంది. దీన్నే ఫ్లాక్యులేషన్ అంటారు. నిమ్మరసం పిండితే పాలు విరిగిన తీరే ఇదీ. అలా కట్టిన ముద్ద గంటకు మూడు, నాలుగు మీటర్లు కూడా దిగగలదు. నీరు మెల్లగా కదిలితే రేణువులు ఎదురుపడి ముద్ద పెరుగుతుంది. పోటు జోరైతే ముద్ద చెదిరిపోతుంది.

సెలవురోజున పిల్లలతో చేయించి చూడండి. ఎర్రమట్టిని నీళ్ళలో బాగా కలిపి, ఇసుక దిగాక పైనీటిని రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదానిలో చెంచాడు ఉప్పు కలపండి. మర్నాటికి తేడా మీకే తెలుస్తుంది. పటిక కొంచెం వేసినా చాలడానికి కారణం, అందులోని అల్యూమినియం ధనావేశం సోడియానికి మూడింతలు. మన అవ్వలు బిందె లోపల అరగదీసిన చిల్లగింజది మరో దారి. దాని జిగురే రేణువులను ఒకచోటికి చేరుస్తుంది.

ఇది తెలిసి మనకేం లాభం అంటారా? నదీముఖంలో దిగిన ఈ బురద మీదే మడ అడవులు పెరుగుతాయి, రొయ్యలూ పీతలూ బతుకుతాయి. మట్టి రాకపోతే ఆ తీరాన్ని సముద్రం కోసుకుపోతుంది. గోదావరి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాతి ఏళ్ళలో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. పెన్న మీద కూడా 1989లో పూర్తయిన సోమశిల ఉంది, ఎగువన మన చెరువులున్నాయి.

ఇంకొక మాట. రేణువు ఋణానికి ఉప్పే రావాలని లేదు. సీసం, జింకు, కాడ్మియం వంటి లోహాలదీ ధనావేశమే, అవీ అంటుకుంటాయి. బెంగళూరు మురుగునీటిని రెండో దశ వరకు శుద్ధిచేసి హెబ్బాళ–నాగవార పథకం కింద మన చెరువులు నింపుతున్నారు. ఎండిన బోర్లకు ఊపిరి పోసే పనే, కాదనలేం. మూడో దశ శుద్ధి కూడా కావాలని రైతులు అడుగుతూ వస్తున్నది మాత్రం ఊరికే కాదు. నీటిలో లోహముంటే అది ఎక్కి కూర్చునేది చెరువు మట్టి మీదే. ఆ మట్టినే వేసవిలో బండ్లకెత్తి పొలాలకు తోలుతాం. 2021 నవంబరులో పెన్నకు వచ్చినటువంటి వరద వస్తే మిగిలింది నెల్లూరు రొయ్యల దాకా పోతుంది.

కనుక ఈ వేసవిలో చెరువు మట్టి తోలే ముందు పరీక్ష చేయించండి. చింతామణి దగ్గర కురుబూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. లోహాల పరీక్ష ఎక్కడ చేస్తారో అక్కడ అడగండి. అప్పు ఇచ్చే ముందు ఖాతా చూడటం మా బ్యాంకులో రివాజు. పొలానికి మట్టి వేసే ముందు మట్టి ఖాతా చూడటం కూడా అంతే అవసరం.