తల్లిని నిందింపకుడు, వీథిని దిద్దుడు

బిడ్డ బొద్దుగా నుండుట ఇంటికి శోభ యని మనవారి చిరకాల విశ్వాసము. ఇది నిష్కారణముగా పుట్టినది కాదు. కరవులును జ్వరములును ఏటేట పసిప్రాణములను హరించిన దినములలో బిడ్డ యొంటిమీది కండయే తల్లికి ధైర్యము. ఆ దినములు చాల ఇండ్లలో గతించినవి. విశ్వాసము మాత్రము గతింపలేదు. పదియేండ్ల బాలుడు రెండంతస్తుల మెట్లెక్కి రొప్పుచుండగా, వానికి దిష్టి తగిలిన దని ఉప్పును మిరపకాయలును దిగదుడుచు ఇండ్లు విద్యావంతులలో ఇప్పటికిని ఎన్ని లేవు? చిన్ననాటి స్థూలకాయము ముద్దు కాదు. మధుమేహము, రక్తపుపోటు, కాలేయమున క్రొవ్వు చేరుట మొదలగు పెద్దవారి రోగములను అది బడియీడుననే పిలిచి తెచ్చును. ఇట్టి పిల్లలలో పెక్కురు పెద్దవారైన పిదపను ఆ బరువును మోయుచునే యుందురు.

ఇది ధనికుల ఇండ్లలోని వింతరోగ మని త్రోసిపుచ్చువారు లెక్కలను చూడవలెను. ప్రపంచారోగ్యసంస్థ చెప్పినదానిని బట్టి 5 మొదలు 19 ఏండ్ల వయసువారిలో స్థూలకాయులు 1990లో నూటికి ఇద్దరు; 2022 నాటికి నూటికి ఎనమండుగురు, అనగా 16 కోట్లమంది. మన దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో అధికమైన బరువు గలవారు 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో నూటికి 2.1, 2019-21 సర్వేలో 3.4. ఆ రెండవ సర్వేలోనే వయసునకు తగిన ఎత్తు లేక గిడసబారినవారు నూటికి 35.5. ఒక వీథిలో ఆకలి, ప్రక్కవీథిలో అతిబరువు! ఈ రెండును పరస్పర విరుద్ధములు కావు. బిడ్డకు తగిన తిండి దొరకునట్లు చూచు పూచీ సంఘమున ఎవ్వరిదియు కాకపోవుటయే ఈ రెంటికిని మూలము.

దోష మెవ్వరిది? మన సంఘము దీనికి సిద్ధముగా నొక సమాధానము నుంచుకొన్నది: తల్లిది. బిడ్డ చిక్కినను తల్లిదే తప్పు, బలిసినను తల్లిదే తప్పు. సాయంకాలము ఆఫీసునుండి వచ్చుచు చిప్సు పొట్లములు తెచ్చి పిల్లల చేత పెట్టు తండ్రిని ఎవ్వరును ప్రశ్నింపరు. అది ప్రేమ యట! మనుమడు ముద్ద మ్రింగుటకై సెల్‌ఫోను చేతికిచ్చు తాతగారిని ఎవ్వరును ఏమనరు. తల్లి తరువాత తప్పు బిడ్డది. బడిలో తోడివారు వానికి 'బొండాం' అని పేరు పెట్టుదురు. పెండ్లిండ్లలో చుట్టములు బుగ్గ గిల్లి నవ్వుదురు. నవ్వులపాలైన బిడ్డ ఆటకు రాడు. గదిలో దాగి మరింత తినును. పరిహాసము వైద్యము కాదు, రోగమునకు దోహదము.

నిజమైన దోషిని ఎరుగవలె నన్నచో మన నగరములలోని యొక బాలుని దినచర్యను చూడుడు. ఇంటి గుమ్మముననే బస్సెక్కును, బడిలో బల్లకు అతుకుకొని కూర్చుండును, తిరిగి వచ్చి ట్యూషనునకు పోవును, రాత్రి హోమ్‌వర్కు. వారమునకు ఒకటి రెండుసార్లు వచ్చు ఆటల పీరియడును లెక్కల మాష్టారు అరువు తీసికొందురు. ఆ అప్పు ఎన్నడును తీర్పరు. అపార్ట్‌మెంటు క్రింద బంతి యాడబోయినచో కార్ల అద్దములు పగులు నని కాపలాదారు తరుమును. ఏడుపెంకులాటయు, చెడుగుడును సాగిన వీథులు వాహనముల పాలైనవి. 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల పాటైనను ఒడలు వంచు ఆటపాట లుండవలె నని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ నిమిషములు ఈ దినచర్యలో ఎచ్చట నున్నవి? ఎనిమిదవ తరగతి వరకు చదువు చెప్పు బడికి ఆటస్థల ముండవలె నని 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము శాసించినది. దుకాణములమీది అంతస్తులో నడచు బడికి ఆ స్థల మెక్కడిది? ఆ సంగతి యెరిగియు విద్యావంతులే పిల్లలను అచ్చట చేర్చుచున్నారు. వారు ర్యాంకుల పట్టికను చదువుదురు గాని, ఆటస్థలమును చూపు డని యడుగరు.

ఇక తిండి సంగతి. 300 మిల్లీలీటర్ల తీపి గ్యాసు పానీయమున సుమారు 30 గ్రాముల చక్కెర, అనగా ఏడెనిమిది చిన్న చెంచాల చక్కెర, యుండును. దినమునకు 1,600 క్యాలరీల ఆహారము తీసికొను బిడ్డకు, ప్రపంచారోగ్యసంస్థ 2015లో చెప్పిన హద్దును బట్టి, ఇట్టి చక్కెర 40 గ్రాములకు మించరాదు. 20 గ్రాములలోపైనచో మరియు మేలు. ఒక్క సీసాతోనే ఆ హద్దులో ముప్పాతిక చెల్లిపోయినది. పాలలో కలుపు పొడియు, బిస్కత్తులును, పుట్టినరోజు కేకును ఇంకను లెక్కకు రాలేదు. బడిగేటు దాటగానే కనబడు అంగడిలో మజ్జిగ యున్నదా? ఉడికించిన వేరుసెనగకాయ లున్నవా? జామకాయ యున్నదా? బిడ్డ చేతిలోని చిల్లరకు ముందుగా దొరకునవి పొట్లములలోని ఉప్పును, నూనెయు, చక్కెరయు మాత్రమే.

ఎవరి యిల్లు వారు చక్కబెట్టుకొన్న చాలదా యని యడుగువారు కలరు. చాలదు. తల్లి యింట రాగిజావ కాచి యిచ్చినను, బడియు, వీథియు, టెలివిజను ప్రకటనయు, చుట్టపు బహుమానమును ఏకమై ఆమె కెదురు నిలుచును. కలరా దినములలో ఎవరి కుండలోని నీరు వారు కాచుకొనుట మంచిదే. కాని కలరాను ఊళ్ళనుండి వెడలగొట్టినవి శుభ్రమైన కుళాయినీరును, మురుగుకాలువయు. ఇదియు నట్టిదే.

దీనికి నిదర్శనము ఉత్తర ఫ్రాన్సులోని ఫ్లోర్బే, లవాంతీ అను రెండు చిన్న ఊళ్ళు. అచ్చట 1992లో బడిపిల్లలకు ఆహారమును గూర్చి పాఠములు చెప్పుటతో పని మొదలైనది. పాఠము లొక్కటియే ఫలము నీయలేదు. మొదట అధికబరువు గలవారి సంఖ్య పెరిగినది కూడ. పిదప పని బడిగోడలు దాటినది. పురపాలకులు క్రొత్త ఆటవసతులు కల్పించిరి. ఆటలు నేర్పువారిని నియమించిరి. నడచి బడికి పోవు దినములు పెట్టిరి. వైద్యులు, మందుల దుకాణదారులు, అంగళ్ళవారు, క్రీడాసంఘములు, కుటుంబములు ఒక్కటిగా చేరిరి. 2004 నాటికి ఆ ఊళ్ళలో అధికబరువు గల పిల్లలు నూటికి 8.8, పోల్చుటకై తీసికొన్న పొరుగు పట్టణములలో 17.8. ఇది ఒక్కయేటి ఫలము కాదు, పండ్రెండేండ్ల యోపిక. ఆ యనుభవమునుండియే 2004లో ఫ్రాన్సులోని పది పట్టణములలో 'ఎపోడ్' అను ఉద్యమము పుట్టినది. అయితే దానికి ఆహారవ్యాపార సంస్థల ధనమును చేరినది; అందులకు విమర్శయు కలిగినది. మన మా పద్ధతిని గ్రహింతము గాక, ఆ ధనమును కాదు. తీపి పానీయము లమ్మువాడు ఇచ్చు బహుమతి కప్పుతో జరుపు ఆటలపోటీ, సారా దుకాణదారుడు పెట్టించిన మద్యపాన నిషేధసభ వంటిది.

మన చేతిలో చట్టములు లేకపోలేదు. క్రొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన పదార్థములను బడి యావరణలోను, గేటునుండి ఏ దిక్కునకైనను 50 మీటర్లలోపలను పిల్లల కమ్మరాదని భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2020లో నిబంధనలు చేసినది. ఈ నిబంధనను తలిదండ్రుల సభలో చదివి వినిపించిన బడు లెన్ని? బండివాని పొట్ట కొట్టుట మన యుద్దేశము కాదు. అదే బండిపై శనగలు, మొక్కజొన్న కండెలు, పండ్లు అమ్మినచో తామే కొందు మని తలిదండ్రులు వానికి మాట యీయవలెను. ప్రతి అపార్ట్‌మెంటు సంఘమును సాయంకాలము ఒక గంట వాహనములను ఆపి ఆ స్థలమును పిల్లల కీయవలెను. దగ్గర నున్న బడికి పిల్లలు గుంపుగా నడచునట్లు, వంతులవారీగా ఒక పెద్ద తోడుపోవలెను. ఆ వంతులలో తండ్రుల పేరులు ముందుండవలెను.

ఇంట చేయవలసినదియు కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ 2024లో ప్రకటించిన సలహాలను బట్టి దినపు శక్తిలో ధాన్యములవలన వచ్చునది నూటికి 45 మించరాదు. అన్నపుగుట్టపై చారు పోసి, ఆవగింజంత కూర వడ్డించు మన విస్తరి తలక్రిందులు కావలెను: అన్నము తగ్గి పప్పు, ఆకుకూర, కూరగాయ పెరుగవలెను. బిడ్డకు వేరొక పథ్యము, తక్కినవారికి విందు అను భేదము కూడదు. ఇంటిల్లపాదియు ఒకే తిండి తినవలెను.

ధనవంతులు క్లబ్బులలో ఈతకొలనులు కొనుకొందురు. నడిమి తరగతివాడు తన బిడ్డ నేడిపించి పస్తు పెట్టును. ఈ రెండును సంస్కారములు కావు. పాఠకులారా, వచ్చు తలిదండ్రుల సభకు మార్కుల కాగితముతో పాటు రెండు ప్రశ్నలను తీసికొనిపొండు: మా పిల్లలు ప్రతిదినమును ఎచ్చట ఆడుచున్నారు? గేటునుండి 50 మీటర్లలో ఏమి అమ్ముచున్నారు? ఒక్కరడిగినచో నవ్వుదురు, పదిమంది యడిగినచో జవాబు చెప్పుదురు, నూర్గు రడిగినచో ఆటస్థలము దొరకును.