పేటకు మరలివచ్చువారికి

చిలకలూరిపేటలో ఇల్లమ్ముకొని హైదరాబాదునకో బెంగుళూరునకో తరలిపోయినవారి సంగతులే ఇంతకాలము మనము వినుచుంటిమి. ఎదురుదిక్కుగా నడచి వచ్చువారి మాట ఇటీవలనే వినవచ్చుచున్నది. 2020 మార్చి నెలలో దేశమంతయు తలుపులు బిగించుకొన్ననాడు ఢిల్లీనుండియు, ముంబయినుండియు, పూనానుండియు కన్నవారి యిండ్లకు చేరిన యువకులలో కొందఱు, మహమ్మారి తొలగిన పిమ్మటను పెట్టె సర్దుకొని పోలేదు. ఇంటి అరుగుమీదనే కూర్చుండి కంపెనీ కొలువు చేయవచ్చునని వారు కనుగొనిరి. వారిని చూచి, జీవితమంతయు ఉత్తరదేశమున ఉద్యోగము చేసి పింఛను పుచ్చుకొన్న పెద్దలును, "ఇక ఆ పొగలో, ఆ రొదలో ఉండలేము, గుంటూరునకు దగ్గఱగా ఏదేని చిన్న ఊరిలో నెమ్మదిగా కాలము గడపుదము" అని బయలుదేరుచున్నారు. గుంటూరు నలువది కిలోమీటర్ల దూరమున నున్నది. దానికి ఆవల మంగళగిరిలో 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితము గావింపబడిన అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థ కలదు. విజయవాడకు ఉదయము పోయి మధ్యాహ్నభోజనమునకు తిరిగి రావచ్చును. చెన్నపురినుండి కలకత్తాకు పోవు రాజమార్గము ముంగిటనే యున్నది. వృద్ధదంపతులు పేటను కోరుకొనుటలో వింత యేమియు లేదు.

ఇట్లు వచ్చువారిని మేము మనఃపూర్వకముగా ఆహ్వానించుచున్నాము. ఐనను ఆహ్వానముతోపాటు కొన్ని మాటలు చెప్పవలసియున్నది. అవి కొందఱకు రుచింపకపోవచ్చును.

మన మండలము పోవువారిని ఎఱుగును గాని వచ్చువారిని అంతగా ఎఱుగదు. 1931లో నిజాంసాగరము పూర్తియైన పిదప బోధను ప్రాంతమునకు బండ్లు కట్టుకొని పోయినవారు కృష్ణా గుంటూరు మండలముల రైతులే. తుంగభద్రకు ఆనకట్ట ముగిసిన 1953 తరువాత గంగావతి, సింధనూరు ప్రాంతములలో 'క్యాంపు' లను పేర ఊళ్లు కట్టుకొన్నవారును వారే. 1980ల చివర తెల్లదోమ ప్రత్తిని పీల్చివేసినప్పుడు, 1987-88లో గుంటూరు ప్రకాశము మండలములలో రైతులు తమకొఱకు కొన్న పురుగుమందు తామే త్రాగినప్పుడు, బ్రదుకదలచినవారిలో పలువురు వరంగల్లు, ఆదిలాబాదు నల్లనేలలను వెదకికొనుచు పోయిరి. తెలంగాణములో నేటికిని 'గుంటూరు పల్లె' లను పేళ్లు వినబడుచున్నవి. ఆ రైతుల బిడ్డలు ఇంజనీర్లై సముద్రములు దాటిరి. పట్టణమును విడిచి పల్లెకు వచ్చిన ఘట్టము మాత్రము అరుదు. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినంతట మద్రాసు సగము ఖాళీయై, మన బంధువులెందఱో పిల్లాపాపలతో స్వగ్రామములకు చేరిరి. భయము తీఱగానే వారందఱు తిరిగి మద్రాసు రైలెక్కిరి. ఇప్పుడు వచ్చువారు రైలెక్కుదురో లేదో చూడవలసియున్నది. ఎక్కవలె నన్నను మొదట నరసరావుపేటకో గుంటూరునకో పోవలెను. మన పేటకు రైలు లేదు.

మొదటి మాట నిశ్శబ్దమును గూర్చినది. దానిని కోరి వచ్చువారు మోసపోవుదురు. మాఘమునుండి వైశాఖమువఱకు మిరపకాయలు కల్లములలో ఎండుచుండగా ఆ ఘాటు గాలిలో తేలివచ్చి, అలవాటు లేనివారిని రాత్రియెల్ల తుమ్మించును. ప్రత్తి దిగుబడి కాలమున జిన్నింగు మిల్లుల దూది నలుసులు కిటికీ చువ్వలకు అంటుకొనును. రాజమార్గముపై లారీల మ్రోత రేయింబవళ్లు ఉండనే యున్నది. శివరాత్రి వచ్చెనా, కోటప్పకొండకు తరలు ప్రభల ముందు మ్రోగు బాకాలకు ఢిల్లీ చాందినీచౌకు కూడ ఓడిపోవును. (ఆ ప్రభలలో పురుషోత్తమపట్టణమువారిది ఎట్టిదో చూచినవారికే తెలియును, పొరుగు గ్రామముల పాఠకులు మమ్ము క్షమింతురు గాక.) పేటలో లభించునది నిశ్శబ్దము కాదు, నెమ్మది. అంగడివాడు మన తాతపేరు చెప్పి పలుకరించుట, వైద్యునికొఱకు వేచియున్నప్పుడు ప్రక్కవాడు మన రోగమును గూర్చి మనకంటె ఎక్కువగా విచారించుట, అప్పుకు ఇచ్చిన సరకునకు చీటీ అడుగకుండుట, ఇవి నెమ్మది. ఇవి నచ్చనివారు రాకుండుటయే మేలు.

రెండవ మాట నేలను గూర్చినది. ఇది రేగడి. తడిసిన ఉబ్బును, ఎండిన ముడుచుకొని చేయి దూరునంత బీటలు వాఱును. ఢిల్లీలో కట్టించిన మేస్త్రీ లెక్కతో ఇక్కడ పునాది తీయించినవాని గోడలు రెండవ వేసవికే నెఱ్ఱెలు విచ్చును. గట్టినేల తగులువఱకు త్రవ్వి ఇసుకయు గ్రావెలును నింపించుటయో, అడుగున గడ్డవలె ఉబ్బియుండు పైలు పునాది వేయించుటయో చేయవలెను. ఈ రెండవ పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు నల్లరేగడికొఱకే తీర్చిదిద్దిరి. ఇక ఎండ సంగతి: పల్నాటి రెంటచింతల పేరు వేసవిలో పత్రికల కెక్కనిరోజు అరుదు, మన పేట అక్కడికి పొరుగూరు కాకపోయినను, ఆ ఎండకు దూరపు చుట్టము కాదు. త్రాగునీటికి సాగరు కుడికాలువయే గతి. కాలువ కట్టివేసిన నెలలలో చెరువున నిలువచేసిన నీటిని పొదుపుగా వాడుకొనవలెను. కనుక ముందుగా ఒక ఇల్లు అద్దెకు తీసికొని, ఒక వేసవియు ఒక వానకాలమును గడపి, ఆ పిమ్మట స్థలమునుగూర్చి ఆలోచింపవలసినదని మా సలహా.

ఈ సలహాను ఎవరును వినుట లేదు. మనిషి రాకముందే స్థలము కొనబడుచున్నది. అసలు చిక్కు ఇక్కడ నున్నది.

2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగిన నాటినుండి గుంటూరు చుట్టుప్రక్కల భూమి వెల ఒకసారి మిన్నంటుట, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే చతికిలబడుట, మరల లేచుట మనమందఱము చూచినదే. ఆ ఊగిసలాటలో చిలకలూరిపేట చుట్టును ప్రత్తియు మిరపయు పండు పొలములు 'వెంచరు'లై, తెల్లరాళ్లు పాతుకొనినవి. కొన్నవాడు నోయిడాలో నున్నాడు. ఎప్పుడో వచ్చి ఇల్లు కట్టుకొందునని అనుకొనుచున్నాడు. ఎప్పుడో యను ఆ దినము వచ్చులోపల ఆ నేలలో పైరు లేదు, ఇల్లు లేదు, సర్కారు తుమ్మ మాత్రము కలదు. అమ్మినవాడు లాభపడెను, కొన్నవాడును లాభపడునేమో. ఆ చేను నిరుటివఱకు దున్నినవాని లెక్క ఎవరి పుస్తకములోను లేదు.

వాడు కౌలుదారు. భూస్వాములైన మా పాఠకులకు వానిని గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. ఐనను ఒక సంగతి జ్ఞాపకము చేయుదుము. 2011లో వచ్చిన చట్టము కౌలురైతునకు గుర్తింపుకార్డు ఇచ్చి బ్యాంకు ముంగిట నిలువబెట్టగోరినది. 2019లో దాని స్థానమున వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము, పదునొకండు నెలల ఒప్పందమునకు యజమాని సమ్మతి కావలెనని విధించినది. ఆ కార్డువలన సాగుదారునకు పంటపైననే గాని భూమిపై ఎట్టి హక్కును సంక్రమింపదని స్పష్టముగా చెప్పినది. అప్పటికిని యజమానులలో అనేకులు సంతకము చేయలేదు. కొందఱు భయపడిరి. మఱికొందఱు ఊరిలోనే లేరు, సంతకమునకు ఎవరిని అడుగవలెనో కూడ కౌలుదారునకు తెలియలేదు. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలపై బడి పూతను కాల్చివేసినట్లు చేసినప్పుడు ఈ సంతకము విలువ ఎంతయో తెలిసినది. పెట్టుబడి పెట్టినవాడొకడు, అప్పు తెచ్చినవాడు వాడే, తోట పీకివేసినవాడు వాడే. కాగితముపై రైతు మాత్రము దూరనగరమున చల్లని గదిలో నున్న పట్టాదారు. సర్కారు సాయము కాగితమును చూచి వచ్చును గాని చేతి కాయలను చూచి రాదు.

మరలివచ్చువారిలో పెక్కురు ఈ పట్టాదారులే యని మఱవరాదు. తండ్రి విడిచిన నాలుగెకరములో ఆఱెకరములో వారికి చుట్టుప్రక్కల గ్రామములలో నున్నవి. ఇంతవఱకు కౌలు సొమ్ము తపాలాలోనో, నేడు ఫోనులోనో వారికి చేరుచుండెను. కౌలుదారు ముఖము వారెఱుగరు, వారి ముఖము వాడెఱుగడు. పేటలో కాపురము పెట్టిన నాటినుండి ఆ ముఖము సంతలో ఎదురగును. కోటప్పకొండ తిరునాళ్లలో ఎదురగును. పంట చెడిన యేట తలుపు తట్టును. మేము ఈ వలసను మంచిదనుటకు ముఖ్యకారణము ఇదియే. ఢిల్లీలో నున్నవానికి చేయుటకు వీలుకాని సంతకము పేటలో నున్నవానికి వీలగును. కాదనినను, ముఖము చూచి కాదనవలసివచ్చును. గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టించుకొనువారు, ఇంటి ప్లానుపై సంతకము చేయుటకు ముందుగా ఆ కౌలుకాగితముపై సంతకము చేయుదురు గాక.

అట్లే పౌరధర్మము కలదు. ఊరు విడుచుట యనునది ఎంత బరువైన పనియో మన ప్రాంతమున చీరాల పేరాలవారికంటె నెక్కువగా ఎఱిగినవారు లేరు. కోరని మునిసిపాలిటీని, మోయలేని పన్నును తలపై బెట్టిన దొరతనమునకు ప్రత్యుత్తరముగా 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున సుమారు పదునైదువేల జనములో పదుమూడు వేలమంది ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరున పాకలు వేసికొని నెలలతరబడి ఎండకును వానకును ఓర్చిరి. తమ ఊరి వ్యవహారములలో తమ మాట చెల్లవలెనని వారు ఊరినే విడిచిరి. ఆ మాట నేడు చెల్లుచున్నది. వార్డులు, ఓట్లు, కౌన్సిలు అన్నియు నున్నవి. చిలకలూరిపేటకు 1964నుండి పురపాలక సంఘము కలదు. అయినను క్రొత్తగా వచ్చినవారు ఓటును మాత్రము ఢిల్లీలోనో బెంగుళూరులోనో ఉంచుకొని, నీటికి సొంత బోరు, కరెంటునకు సొంత ఇన్వర్టరు, చెత్తకు ప్రక్కవాని ఖాళీస్థలము అను పద్ధతిని అవలంబించుచున్నారు. మురుగుకాలువ పొంగినప్పుడు మాత్రము ఊరిని నిందించుచున్నారు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయమునకని చేర్చి పుచ్చుకొందురు. ఆ గ్రంథాలయమునకు ఎన్నడైన పోయి, మీ పన్నుతో ఏమి పుస్తకములు కొనిరని అడిగినవారు క్రొత్తవారిలో ఎందఱు?

పేటవారికిని ఒక మాట. వచ్చినవానిని ధనపుమూటగా చూచి అద్దెలు రెట్టించుట, ఒకే స్థలమును ఇద్దఱకు చూపుట, ఉత్తరదేశపు యాసతో తెలుగు పలుకు బిడ్డలను బడిలో ఎగతాళి చేయుట మన పేరునకు తగవు. నిజామాబాదులోను తుంగభద్ర క్యాంపులలోను మనవారు అన్యులుగా నిలిచినప్పుడు అక్కడివారు చూపిన ఓర్పును మఱవరాదు.

ఉగాదికి మిరప కోతలు ముగియును. కౌలు మాటలు ఆ దినములలోనే కుదురుట మన ప్రాంతపు వాడుక. ఈ సంవత్సరము పేటకు చేరదలచినవారు ఆ నాటికే చేరుదురేని, ఎండ ఎట్లుండునో తెలియును. తమ చేను ఎవరు దున్నుచున్నారో కూడ తెలియును.