చిన్న ఆటంకాలు ఎవరి ఖాతాలో?

లోకమంతా నిద్రించే వేళ మేలుకొని ఉండవలసిన మనుషులు ప్రతి యుగంలోనూ ఉన్నారు. మన భువనగిరి కోట బురుజుల మీద ఒకనాడు పహరా తిరిగిన సిపాయి, జొన్నచేనులో మంచె మీద కూర్చొని అడవిపందులను అదలించిన రైతు, టపా సంచిని భుజాన వేసుకొని చీకటిలో పరుగెత్తిన హర్కారా - వీరందరూ ఇతరుల నిశ్చింత కోసం తమ నిద్రను వెచ్చించినవారే. ఆ పరంపరలో ఈనాటివాడు రాత్రిపూట సరుకు చేరవేసే వాహనపు డ్రైవరు. హైదరాబాదు నుండి వరంగల్లుకు పోయే జాతీయ రహదారి మన పట్టణం మీదుగానే సాగుతున్నది కనుక అతడు మనకు అపరిచితుడు కాడు. అర్ధరాత్రి దాటిన తరువాత ఆ రహదారి పక్కన నిలిచి చూస్తే పాల వ్యానులు, కూరగాయల ట్రాలీలు, మందుల పెట్టెలతోను పార్సిలు మూటలతోను నిండిన డీసీఎంలు వరుసగా కనిపిస్తాయి. తెల్లవారి మనం దుకాణానికి వెళ్లగానే చేతికి వచ్చే పాల ప్యాకెట్టు వెనుక, మందుబిళ్ల వెనుక, పాఠ్యపుస్తకం వెనుక ఒకని రాత్రి ఉన్నది.

ఆ రాత్రిలో ఎదురయ్యే చిన్న చిన్న ఆటంకాలను గురించి మాత్రమే ఈ వ్యాసంలో చర్చింపదలచినాను. పెద్ద ప్రమాదం జరిగితే పోలీసులు వస్తారు, పత్రికలు వ్రాస్తాయి, ప్రభుత్వం విచారణ జరుపుతుంది. చిన్న ఆటంకానికి సాక్షి లేడు. దాన్ని గురించి అడిగితే డ్రైవరే నవ్వి, "ఏం జేస్తం సార్, నసీబ్ గట్లున్నది" అని ఊరుకుంటాడు. ఆ నసీబు అన్న మాటను మనం కొంచెం నిలిపి పరీక్షించవలసిన అవసరం ఉన్నది.

నేనెరిగిన యువకుడొకడు, ఇంటర్మీడియట్ వరకు చదివినవాడు, ఒక ట్రాన్స్‌పోర్టు గుత్తేదారు వద్ద డీసీఎం నడుపుతున్నాడు. అతనికి నెల జీతం లేదు. ట్రిప్పుకు ఇంత అని ఇస్తారు. అతడు చెప్పిన ఒకానొక రాత్రి వృత్తాంతమిది.

మధ్యాహ్నం మూడు గంటలకు నిద్రలేచి, రాత్రి పది గంటలకు నగర శివారులోని గోడౌను వద్ద హాజరైనాడు. ఉన్న నలుగురు హమాలీలు మరొక లారీ దించుతున్నారు. ఇతని బండికి లోడు ఎక్కేసరికి పన్నెండున్నర అయింది. ఈ రెండున్నర గంటలు పనిగా లెక్కకు రావు. చక్రం కదలలేదు కదా! ఘట్‌కేసరు దాటగానే వాన పట్టుకున్నది. టార్పాలిన్ తాడు పాతదై తెగిపోయింది. బండి ఆపి, తడుస్తూ ముడివేసేలోగా ఒక అట్టపెట్టె నానిపోయింది. గూడూరు టోలుగేటు వద్ద ఫాస్టాగులో నిల్వ చాలలేదని గేటు లేవలేదు. ఆ నిల్వ వేయవలసినవాడు యజమాని. ఆ వేళ యజమాని ఫోను ఎత్తడు. వెనుక బండ్లవారు హారన్లు మోగిస్తుండగా, అధిక రుసుమును తన జేబు నుండి కట్టి బయటపడినాడు. భువనగిరి ఇంకా చేరలేదు, వెనుక టైరు పంక్చరైంది. స్టెప్నీ ఉన్నది గాని అందులో గాలి లేదు. రోడ్డు పక్క దుకాణంలో పడుకున్న పంక్చరు మనిషిని బతిమాలి లేపి పని చేయించుకొనేసరికి మూడు గంటలు దాటింది.

పట్టణంలో అప్పగించవలసిన సరుకు మీద చిరునామా "బస్టాండు దగ్గర" అని మాత్రమే ఉన్నది. బస్టాండు దగ్గర ఎన్ని దుకాణాలు లేవు! ఇచ్చిన నంబరుకు చేస్తే స్విచ్చాఫ్. వీధికుక్కలు వెంటబడగా రెండు సందులు తిరిగి, చివరకు టీ కొట్టువాని సాయంతో చోటు కనుగొన్నాడు. ఈలోగా అతని సెల్‌ఫోనులో ఛార్జి అయిపోవచ్చింది. అది ఆగిపోతే ఓటీపీ రాదు. ఓటీపీ లేనిదే సరుకు అప్పగించినట్లు కాదు. ఆలేరు చేరేసరికి తెల్లవారింది. అక్కడి గుమాస్తా తడిసిన పెట్టెను తీసుకోనన్నాడు. జనగామలో చివరి మూట దించి, ఖాళీ బండితో తిరిగి ఇల్లు చేరేసరికి పగలు పదకొండు గంటలు. ట్రిప్పు పైకంలో ఆలస్యానికి కొంత కోత, తడిసిన పెట్టెకు కొంత కోత పడ్డవి. టోలు, పంక్చరు ఖర్చుల సంగతి "తర్వాత చూద్దాం" అన్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్న సామెత ఇటువంటి రాత్రి కోసమే పుట్టి ఉంటుంది.

ఇప్పుడు ఈ రాత్రిని ఒక గుమాస్తా వలె లెక్క వేసి చూద్దాం. హమాలీలు చాలకపోవడం గోడౌను నిర్వాహకుని లోపం. పాత తాడు, గాలి లేని స్టెప్నీ, నిల్వ లేని ఫాస్టాగు - ఈ మూడూ బండి యజమానివి. అరకొర చిరునామా, మూగబోయిన ఫోను సరుకు తెప్పించుకొన్నవానివి. వాన ఎవరిదీ కాదు. ఇన్నింటిలో డ్రైవరు చేతిలో ఉన్నది ఏది? అయినా అన్నింటి బాకీ అతని ఖాతాకే చేరింది. వాలు ఎటుంటే నీరు అటే పారుతుంది. మన వ్యాపార వ్యవస్థను ఆటంకాల వెల మొత్తం అట్టడుగువాని వైపుకు జారేటట్లు వాలుగా కట్టినారు. దానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు నసీబు.

ఇవి చిన్న నష్టాలే కదా, ఇంత చర్చ దేనికని కొందరనవచ్చును. పోగొట్టుకొన్న నిమిషాలను డ్రైవరు రెండే చోట్ల నుండి తిరిగి తెచ్చుకోగలడు: ఒకటి వేగం, రెండవది నిద్ర. ఆ రెండూ ప్రాణంతో ముడిపడినవే. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ప్రకటించిన ఫలితాల ప్రకారం, పదిహేడు గంటలు మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాని స్థాయికి దిగజారుతుంది. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం మూడు గంటలకు నిద్రలేచిన మన డ్రైవరుకు మరునాటి ఉదయం ఎనిమిది గంటలకు పదిహేడు గంటలు నిండినవి. అప్పుడతడు చుక్క మద్యం ముట్టకుండానే తాగినవానికన్న ప్రమాదకరమైన స్థితిలో, బడిపిల్లలు రోడ్డు దాటే సమయంలో, బండి నడుపుతున్నాడు. పోలీసుల గొట్టంలో ఊదితే మద్యం తెలుస్తుంది, నిద్రలేమి తెలియదు. లోడు రెండున్నర గంటలు ఆలస్యం కాకుంటే, స్టెప్నీలో గాలి ఉంటే, అతడు ఆ వేళకు ఇంట్లో పడుకొని ఉండేవాడు.

చిన్నదనుకొన్నది పెద్దదిగా మారిన ఉదంతాన్ని మన రాష్ట్రమే చూచింది. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో భోజనపు పొట్లం అందించడానికి వెళ్లిన ఇరవై మూడేండ్ల యువకుడు, మీదికి వచ్చిన పెంపుడు కుక్క నుండి తప్పించుకొనబోయి మూడవ అంతస్తు నుండి పడిపోయినాడు. కొద్దిరోజులకు ఆసుపత్రిలో మరణించినాడు. కుక్కను గొలుసుతో కట్టి తలుపు తెరవడం ఎంత పని? ఆ చిన్న పని జరగనందుకు చెల్లించిన వెల ఒక నిండు ప్రాణం.

పూర్వం దూరపు బరువును పంచుకొనే పద్ధతులు లేకపోలేదు. టపా మోసిన హర్కారా ఒక్కడే నగరం నుండి నగరానికి పరుగెత్తలేదు. ఒక మజిలీ దాటగానే సంచిని మరొకనికి అప్పగించేవాడు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్రంలో రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. నేటి ఆర్టీసీకి అదే మూలం. ఆర్టీసీలో అన్నీ సవ్యంగా ఉన్నవని నేననను. కాని బస్సు దారిలో చెడిపోతే డ్రైవరు డిపోకు కబురు చేస్తాడు, కారణం కాగితం మీదికి ఎక్కుతుంది, టైరును కొనే బాధ్యత సంస్థదే. ఆటంకం రానే వస్తుందని ముందుగా అంగీకరించి, దాని కోసం మనుషులను, పనిముట్లను, సమయాన్ని కేటాయించడమే వ్యవస్థ అన్న మాటకు అర్థం.

యజమానులు ఒక ఆక్షేపణ చెబుతారు. ప్రతి పంక్చరుకూ, ప్రతి ఆలస్యానికీ పైకమిస్తే డ్రైవర్లు లేని పంక్చర్లను కల్పిస్తారని వారి భయం. ఈ భయంలో కొంత న్యాయమున్నది; మోసం చేసేవారు ఏ వృత్తిలోనైనా ఉంటారు. అయితే ఈనాడు బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఏ నిమిషాన కదిలింది అనేది ఫోనులోని యంత్రం అడుగడుగునా నమోదు చేస్తున్నది. గోడౌను ముందు రెండున్నర గంటలు నిలిచిన సంగతి కూడా అందులోనే ఉన్నది. డ్రైవరు ఆలస్యాన్ని నిరూపించడానికి పనికివచ్చే సాక్ష్యం గోడౌను ఆలస్యాన్ని నిరూపించడానికి ఎందుకు పనికిరాదు? యంత్రం అబద్ధమాడడం లేదు. దాన్ని ఒకవైపు నుండి మాత్రమే ప్రశ్నిస్తున్నారు.

చట్టం ఏమంటున్నదని విద్యార్థులు అడగవచ్చును. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం దినానికి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని హద్దు పెట్టింది. అయిదు గంటల పనికి మించకుండా అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. కాని అది అయిదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో ఆ సంఖ్య పదికి పెరిగింది. ఒకటి రెండు బండ్లున్న గుత్తేదారు వద్ద పనిచేసేవాడు అప్పుడూ వెలుపలే, ఇప్పుడూ వెలుపలే. అదే రోజున అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికులను తొలిసారిగా గుర్తించి, వారి సంక్షేమానికి ఆ కంపెనీలు తమ వార్షిక వ్యాపారంలో ఒకటి నుండి రెండు శాతం ఇవ్వాలన్నది. మన రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో వారికి అయిదు లక్షల రూపాయల ప్రమాద బీమాను ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో వారి కోసం ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. ఇవన్నీ హర్షించదగినవే. అయినా గుత్తేదారు బండి నడిపేవాడు యాప్ కార్మికుడూ కాడు, కంపెనీ ఉద్యోగీ కాడు. రెంటికి చెడ్డ రేవడి. పైగా బీమా మరణానికి వెల కడుతుంది గాని, గాలి లేని స్టెప్నీకి కట్టదు.

1944లో మన భువనగిరిలోనే రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండవ ఆంధ్ర మహాసభ జరిగిన సంగతి విద్యార్థులు చరిత్రలో చదివే ఉంటారు. వెట్టిచాకిరి పోవాలన్నది ఆ ఉద్యమపు ముఖ్యమైన కోర్కెలలో ఒకటి. నేటి డ్రైవరు స్థితిని వెట్టితో సమానమనడం ఆనాటివారి బాధను తక్కువ చేయడమే అవుతుంది. కాని మనిషి సమయాన్ని తీసుకొని దానిని లెక్కలో వ్రాయకపోవడం అన్యాయమని ఈ గడ్డ ఎనిమిది దశాబ్దాల క్రితమే పలికింది. గోడౌను ముందు గడిచిన రెండున్నర గంటలను చూచినప్పుడు ఆ పలుకు జ్ఞాపకం రాక మానదు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు చదువు ముగించి ఇదే పనిలో చేరుతారు. కొందరు ఇప్పటికే సెలవు రోజులలో చేస్తున్నారు. పనిలో చేరేనాడే నాలుగు ప్రశ్నలు అడగండి: ఎదురుచూచిన గంటలకు పైకమెంత? పంక్చరు ఎవరి ఖర్చు? తడిసిన సరుకుకు బాధ్యులెవరు? తిరుగు ప్రయాణం లెక్కలోకి వస్తుందా? జవాబులను కాగితం మీద వ్రాయించుకోండి. ప్రతి రాత్రి ఆగిన చోటు, సమయం, కారణం ఒక చిన్న నోటుబుక్కులో వ్రాసుకోండి. ఒక్కని నోటుబుక్కు ఫిర్యాదు మాత్రమే. పదిమంది నోటుబుక్కులు కలిస్తే సాక్ష్యం. మరి మీరు సరుకు తెప్పించుకొనేవారైతే చిరునామా పూర్తిగా వ్రాయండి, ఫోను తెరచి ఉంచండి, కుక్కను కట్టివేయండి.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం మూడు చిన్న విషయాలు. మన విద్యార్థులలో రాత్రిపూట పనిచేసి కుటుంబాన్ని పోషించేవారున్నారు. అటువంటివారి మొదటి పీరియడు హాజరు విషయంలో ప్రిన్సిపాలుగారు సానుభూతితో నిర్ణయం తీసుకొనే వీలు కల్పించండి. సంవత్సరానికి ఒకసారి కళాశాల ఆవరణలో ఈ-శ్రమ్ నమోదు శిబిరం జరిపి, విద్యార్థుల తండ్రులలోను అన్నదమ్ములలోను అసంఘటిత కార్మికులైనవారి పేర్లు చేర్పించండి. పుస్తకాల మూటలు, ప్రయోగశాల సామగ్రి తెచ్చే డ్రైవరుకు గేటు వద్ద కూర్చొనడానికి ఒక బల్ల, త్రాగడానికి నీళ్లు, మరుగుదొడ్డికి అనుమతి ఇప్పించండి. దీనికి గ్రాంటు అవసరం లేదు. ఒక తీర్మానం చాలు.

వాన కురవక మానదు, టైరు పంక్చరు కాక మానదు. వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. వాటి ఖర్చు ఎవరి పేర వ్రాయాలన్నది మాత్రం మనుషులే నిర్ణయిస్తున్నారు. మనుషులు చేసిన ఆ నిర్ణయాన్ని మనుషులే మార్చవచ్చును.