నలభై వేలల్లో పైలట్ హెడ్‌సెట్.. బోస్ కోసం అప్పు చేయాలా?

"అన్నా, హెడ్‌సెట్ కొనాలె. నలభై వేలున్నయ్. ఏది తీస్కోమంటవ్?"

గోదావరిఖని నుంచి ఒక చెల్లె పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఇది. నేను గేమింగ్ హెడ్‌సెట్ అనుకుని రెండు మూడు మోడల్స్ పేర్లు పంపించా. "గేమ్స్‌కు కాదన్నా, విమానానికి" అని నవ్వుతున్న ఎమోజీ పెట్టింది.

విషయం ఏంటంటే, ఆ అమ్మాయి ఫ్లయింగ్ ట్రైనింగ్‌లో చేరబోతోంది. వాళ్ల బాపు ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్. ఫీజులకే ఇల్లంతా ఊడ్చి పెట్టినంత పనైంది. దసరాకు వచ్చిన లాభాల వాటాలోంచి నలభై వేలు మాత్రం హెడ్‌సెట్ కోసమని పక్కన పెట్టాడట. సీనియర్లేమో "బోస్ లేకపోతే వేస్ట్" అంటున్నారట. దాని ధర మన దగ్గర లక్ష దాటుతుంది. "బాపు అప్పు తెస్తనంటున్నడు. తెమ్మనాల్నా, వద్దనాల్నా?" ఇదీ అసలు ప్రశ్న.

వద్దనే చెప్పా. ఎందుకో మీకూ చెప్తా. పైలట్ కావాలనుకునేవాళ్లకే కాదు, చెవులున్న అందరికీ పనికొచ్చే లెక్క ఇది.

మోత ఎంత?

ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగిన బసంత్‌నగర్ రన్‌వే మన పక్కనే ఉన్నా, చిన్న విమానం లోపల ఎంత మోత ఉంటుందో మనలో చాలామందికి తెలీదు. ట్రైనింగ్‌కు వాడే సెస్నాలో ఇంజిన్ సరిగ్గా మీ మోకాళ్ల ముందే ఉంటుంది. లోపల శబ్దం 90 డెసిబెల్స్ అటూ ఇటూ. అంటే ఓపెన్‌కాస్ట్‌లో పెద్ద మెషీన్ పక్కన నిలబడ్డట్టే.

అమెరికాలోని నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో చెవి 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ టైమ్ సగం అవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒకటే గంట. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. పైగా మెడికల్‌లో చెవుల పరీక్ష కూడా ఉంటుంది. చెవులు పోతే కెరీరే పోతుంది. కాబట్టి హెడ్‌సెట్ షోకు కోసం కాదు.

పాసివ్, యాక్టివ్ తేడా ఏంటి?

పాసివ్ అంటే చెవి మీద గట్టి కప్పు పెట్టి శబ్దాన్ని అడ్డుకోవడం. తలుపులు మూస్తే బయటి లొల్లి తగ్గినట్టు. పచ్చ రంగు డేవిడ్ క్లార్క్ హెచ్10-13.4 దీనికి పాత ఉదాహరణ. ప్యాకెట్ మీద రాసే రేటింగ్ 23 డెసిబెల్స్. బరువు అర కిలో. అమెరికాలో 400 డాలర్లు అటూ ఇటూ, సరిగ్గా వెతికితే మన చెల్లె బడ్జెట్‌కు దగ్గర్లోనే దొరుకుతుంది. ఇంకా తక్కువలో ఏఎస్ఏ హెచ్ఎస్-1ఏ, కోర్ కేఏ-1 లాంటివి దాదాపు సగం ధరకే ఉన్నాయి.

యాక్టివ్ అంటే కప్పులో ఇంకో చిన్న మైక్ ఉంటుంది. అది లోపలికొచ్చిన మోతను విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకర్‌లోంచి వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అమర్ బోస్‌కు ఈ ఆలోచన 1978లో ఒక విమాన ప్రయాణంలోనే వచ్చింది. ఈయన బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు. 1986లో ఆగకుండా ప్రపంచాన్ని చుట్టిన వాయేజర్ విమానంలో ఆ హెడ్‌సెట్ల నమూనాలు వాడారు. 1989లో మార్కెట్లోకి వచ్చాయి. ఇప్పటి బోస్ ఏ30 దాదాపు 1,300 డాలర్లు, లైట్‌స్పీడ్ జులు 3 అంతకన్నా తక్కువ.

మరి యాక్టివ్ గొప్పదనం ఎక్కడ? ఇంజిన్ నిమిషానికి 2,400 తిరిగితే సెకనుకు 40. రెండు రెక్కల ప్రొపెల్లర్ కాబట్టి సెకనుకు 80 సార్లు గాలిని కొడుతుంది. అంటే లోతైన 'గుమ్‌మ్' శబ్దం. ఈ లోతు శబ్దం పాసివ్ కప్పుల్లోంచి దూరిపోతుంది. యాక్టివ్ దాన్నే పట్టుకుంటుంది. అందుకే మూడు గంటలు ఎగిరినా తల బరువెక్కదు. సుఖం నిజమే, అబద్ధం కాదు.

అయితే ట్రైనింగ్‌లో ఒక్కోసారి ఎగిరేది గంటో, గంటన్నరో. ఆ కాసేపటికి మంచి పాసివ్ సరిపోతుంది. పైగా విమానం గంట ఖర్చే పది వేలు దాటుతుంది. అప్పు తెచ్చి హెడ్‌సెట్‌లో పెట్టే అరవై, డెబ్బై వేలు ఎగరడం మీద పెడితే లాగ్‌బుక్‌లో గంటలు పెరుగుతాయి.

యాభై రూపాయల చిట్కా

పాసివ్ హెడ్‌సెట్ కింద ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. వేళ్లతో సన్నగా నలిపి, చెవి పైభాగాన్ని లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. తర్వాత హెడ్‌సెట్ వాల్యూమ్ కొంచెం పెంచితే టవర్ మాట వినిపిస్తుంది, మోత మాత్రం ఇంకా తగ్గుతుంది. ఎంతోమంది పాత పైలట్లు చేసేది ఇదే.

కొనేముందు చూడాల్సినవి

ఒకటి, ప్లగ్. మామూలు చిన్న విమానాలకు రెండు పిన్నులు ఉంటాయి. హెలికాప్టర్‌కు ఒకటే. తప్పుది కొంటే అడాప్టర్ ఖర్చు.

రెండు, సీల్. కళ్లద్దాలుంటే వాటితోనే పెట్టుకుని చూడండి. కాడ దగ్గర సందు ఉంటే రేటింగ్ ఎంతున్నా దండగే. సన్న కాడల అద్దాలు మేలు.

మూడు, బరువు. షాపులో రెండు నిమిషాలు పెట్టుకుంటే తెలీదు. ఫ్లయింగ్ స్కూల్లో ఎవరిదైనా అడిగి ఒక సార్టీ అంతా పెట్టుకోండి. నడినెత్తి నొప్పి పెడితే అది మీది కాదు.

నాలుగు, సెకండ్ హ్యాండ్. ట్రైనింగ్ అయిపోయిన సీనియర్లు అమ్ముతుంటారు. చెవి మెత్తలు, మైక్ స్పాంజ్ మార్చుకుంటే పాత డేవిడ్ క్లార్క్ కొత్తదానిలాగే పనిచేస్తుంది. పాత యాక్టివ్ అయితే తీగ దగ్గర, బ్యాటరీ డబ్బా దగ్గర జాగ్రత్తగా చూడండి.

ఐదు, ఊరూపేరూ లేని 'యాక్టివ్' జోలికి పోవద్దు. ఇక పాటలు వినే ఇయర్‌బడ్స్, గేమింగ్ హెడ్‌ఫోన్లు విమానంలో పనికిరావు. ప్లగ్ పట్టదు, మైక్ కలవదు.

బాపుతో రెండు మాటలు

ఇదంతా చెప్పాక ఆ చెల్లె ఫోన్ వాళ్ల బాపుకిచ్చింది. "ఆఁ, ఎవరు? గట్టిగ చెప్పు బిడ్డా" అన్నాడాయన. రెండోసారి చెప్పా. మూడోసారి అరిచా. వెనక టీవీ మా ఇంటిదాకా వినిపించేలా ఉంది.

"ప్లగ్గులిచ్చిండ్రు బిడ్డా. చెవుల గులగుల అయితదని జేబుల పెట్టుకున్న. గిప్పుడు మనుమడు ఏమంటున్నడో సగమే సమజైతది. నా బిడ్డకు గట్ల కావద్దు. అందుకే పెద్దది కొందామంటున్న."

మోత వల్ల చెవి ఒక్క రోజులో పోదు. లోపలి సన్నటి వెంట్రుక కణాలు కొంచెం కొంచెం చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. ముందు దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. స, శ, త లాంటి అక్షరాలు తేలిపోతాయి. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏమన్నాడో తెలీదు. రేడియోలో 'ఫిఫ్టీన్' అన్నది 'ఫిఫ్టీ'లా వినిపిస్తే పైలట్‌కు ఏమవుతుందో ఊహించుకోండి.

ఆయనకు ఒక్కటే చెప్పా. ఖరీదైన హెడ్‌సెట్ బ్యాగులో ఉంటే చెవిని కాపాడదు. మామూలుదైనా సరే, చెవి మీద ఉంటేనే కాపాడుతుంది. జేబులో ప్లగ్గుల సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. కాసేపు మాట్లాడలేదు. "అయితే అప్పు వద్దంటవ్" అన్నాడు.

"వద్దు మామా. ఇంకో మాట. నీ సర్వీసు ఎన్నేండ్లుంది?"

"నాలుగేండ్లు."

పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నది మాత్రం నిలబెట్టుకోవచ్చు. గనుల్లో 90 డెసిబెల్స్ దాటిన చోట చెవులకు రక్షణ లేకుండా పనిచేయొద్దని భద్రతా నియమాలే చెబుతాయి. ఒకసారి ఆడియోమెట్రీ చేయించుకుని డాక్టర్‌ను కలవమన్నా. సరేనన్నాడు.

నిన్న చెల్లె ఫొటో పెట్టింది. ఒక సీనియర్ దగ్గర కొన్న పచ్చ డేవిడ్ క్లార్క్, కొత్త చెవి మెత్తలు, పక్కనే ఫోమ్ ప్లగ్స్ డబ్బా. కింద ఒక లైన్: "సగం డబ్బ బాపు ఫస్ట్ షిఫ్టుకు పట్కపోయిండు అన్నా."