కొన్నాక ఆ ఇల్లు ఏమవుతోంది, మంత్రి గారూ?

ఇంగ్లండ్ గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

లండన్‌లో స్థానిక కౌన్సిళ్లు కట్టిన పాత అపార్టుమెంట్ల మెట్లెక్కితే కొన్న ఇల్లేదో, అద్దె ఇల్లేదో చాలాచోట్ల తలుపే చెప్పేస్తుంది. వరసగా ఒకే రంగు తలుపులు, మధ్యలో ఇత్తడి పిడితో వేరే రంగుది ఒకటి. 1980లో థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ అద్దెదారులకు తాముంటున్న ఇంటినే రాయితీ మీద కొనుక్కునే హక్కు ఇచ్చింది. ఇల్లు సొంతమైందని ఊరికి చాటడానికి తలుపు మార్చడం అప్పట్లో ఒక వేడుక.

ఆ సంబరాన్ని తప్పు పట్టనక్కర్లేదు. 2025 దాకా ఇదే శాఖ చూసిన ఏంజెలా రేనర్ కూడా స్టాక్‌పోర్ట్‌లో తన కౌన్సిల్ ఇంటిని 2007లో ఈ హక్కు కిందే కొన్నారు.

చిక్కంతా ఆ తర్వాతే. ఇంగ్లండ్‌లో దాదాపు 20 లక్షల ఇళ్లు ఇలా చేతులు మారాయి. వచ్చిన సొమ్ములో నాలుగింట మూడు వంతులు అప్పులకే జమ కట్టాలని 1989 చట్టం కౌన్సిళ్ల చేతులు కట్టేసింది. ఇక కొత్తవి కట్టేదెలా? 2012లో రాయితీ పరిమితిని 75,000 పౌండ్లకు పెంచినప్పుడు, అదనంగా అమ్ముడయ్యే ప్రతి ఇంటికీ బదులు మరొకటి కడతామన్నారు. ఆ మాట నీటి మూటే అయింది. కౌన్సిల్ ఇళ్ల వెయిటింగ్ లిస్టులో ఇప్పుడు 13 లక్షల కుటుంబాలున్నాయి.

స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఈ హక్కును ఎత్తేశాయి. మీ ప్రభుత్వం ఎత్తేయలేదు, బిగించింది. 2024 నవంబరు నుంచి గరిష్ఠ రాయితీ ప్రాంతాన్ని బట్టి 16,000 నుంచి 38,000 పౌండ్లే. మూడేళ్లు కాదు, పదేళ్లు అద్దెకుంటేనే హక్కు అని, కొత్తగా కట్టిన ఇళ్లు 35 ఏళ్లు అమ్మకానికి ఉండవని 2025 జూలైలో ప్రకటించింది. మంచి మార్పులే. కాకపోతే వీటి చూపంతా ఎవరు కొనాలి, ఎంతకు కొనాలి అన్నదాని మీదే.

లండన్‌లో ఇలా అమ్మిన ఇళ్లలో నూటికి 40కి పైగా ప్రైవేటు అద్దెల్లో ఉన్నాయని 2019లో లండన్ అసెంబ్లీ సభ్యుడు టామ్ కోప్లీ లెక్క తేల్చారు. అంటే అదే అంతస్తులో, అవే కొలతల గదులకు, ఈ తలుపు వెనక కౌన్సిల్ అద్దె, ఆ తలుపు వెనక మార్కెట్ అద్దె. అది కట్టుకోలేని వాళ్ల తరఫున ప్రభుత్వమే అద్దె సాయం చెల్లిస్తుంది. ప్రజల సొమ్ముతో కట్టిన ఇంటికి ప్రజలే మళ్లీ అద్దె కడుతున్నారన్నమాట!

కొన్న పదేళ్లలోపు అమ్మజూపితే ముందు కౌన్సిల్‌నే అడగాలన్న నిబంధన ఉంది. కానీ కౌన్సిల్ చెల్లించాల్సింది పూర్తి మార్కెట్ ధర. తక్కువకు అమ్మి నిండు ధరకు తిరిగి కొనే బేరం ఏ కిరాణా కొట్టువాడూ ఒప్పుకోడు. ఇకమీదట అమ్మే ఇంటికి రాయితీ శాతాన్ని దస్తావేజులోనే రాయించండి. 15 శాతం తగ్గించి అమ్మిన ఇంటిని కౌన్సిల్ ఎప్పుడు కొన్నా 15 శాతం తగ్గించే కొనాలి. కౌన్సిల్ అనుమతి లేనిదే అద్దెకివ్వకూడదు. అయిపోయిన అమ్మకాలకు ఈ షరతు వెనక్కి వెళ్లి తగిలించలేం. వాటిని తిరిగి కొనడానికి నిధి కావాలి, 2021లో లండన్ మేయర్ సాదిక్ ఖాన్ మొదలుపెట్టినట్టు.

ఇలాంటి షరతులుంటే బ్యాంకులు అప్పివ్వవని మీ అధికారులు అనొచ్చు. 1985 గృహనిర్మాణ చట్టం 157వ సెక్షన్ తెప్పించుకుని చూడండి. నేషనల్ పార్కుల్లో, గుర్తించిన గ్రామీణ ప్రాంతాల్లో ఇలా కొన్న ఇంటిని, ఆ చుట్టుపక్కల మూడేళ్లుగా ఉంటున్నవాళ్లకో పనిచేస్తున్నవాళ్లకో మాత్రమే అమ్మాలని షరతు పెట్టే వీలు అందులో ఎప్పటినుంచో ఉంది. పల్లెకు చెల్లిన షరతు లండన్‌లోని సౌత్‌వార్క్‌కు ఎందుకు చెల్లదో మీ శాఖ పార్లమెంటులో చెప్పాలి.