గంప నేలమీద నేల?

జీడిపప్పు కార్ఖానాలందును, పొగాకు కంపెనీలయందును పనిచేయు స్త్రీలకు నడుమునొప్పి తప్పదని పలువురందురు. మేమట్లు తలంపము. బరువెంత యని మాత్రమే గాక, అది యెచ్చట నున్నదో కూడ చూడవలెను. బ్రిటన్ దేశపు ఆరోగ్య భద్రతా శాఖవారి లెక్కలో, నడుమెత్తున ఒడలికి చేర్చి పట్టిన స్త్రీకి 16 కిలోలు తగును. నేలమీదనుండి యెత్తవలసినచో 7. చేతులు చాచి నేలనుండి యెత్తినచో 3 మాత్రమే! గంటకు 30 మార్లు మించి యెత్తువారి కింకను తగ్గింపవలెను.

కావున గంపను సగమే నింపి రెండుమార్లు మోయుట మేలు. పాదములు కొంచె మెడముగా నుంచి, మోకాళ్లు వంచి, గంపను పొట్టకు చేర్చి లేవవలెను. నడుము మెలిపెట్టక పాదములతోనే తిరుగవలెను. కుచ్చిళ్లు కాలికి తగులకుండ దోపుకొనుట మఱవకుడు.

ప్రసవమైన క్రొత్తలో బరువు లెత్తరాదు; గర్భాశయము జారు భయము కలదు. సిగ్గుచే దీనిని దాచి బాధపడువారు పెక్కురు. వైద్యురాలితో చెప్పినచో చికిత్స కలదు.

హాని కలిగించునంత బరువు నెవరిచేతను మోయింపరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 34వ సెక్షనున శాసించెను. నడుమెత్తు బల్ల యొకటి వేయించుట యజమానికి గొప్ప ఖర్చు కాదు. మీ యిరుగుపొరుగున కార్ఖానాకు పోవు స్త్రీ లున్నచో వారికిది చదివి వినిపింపుడు. నలుగురు కలిసి మేస్త్రీని బల్ల యడుగుడు.