లాబ్‌స్టర్ గుడ్లకున్న లెక్క మన తట్టలకేదీ?

విశాఖ చేపల రేవులో మత్స్యకార స్త్రీల సంపాదన గురించి వివరాలు సేకరిస్తున్న రోజులవి. ఒక మరబోటు నుంచి దించిన సరుకులో నాలుగైదు లాబ్‌స్టర్లు కనిపించాయి. పొడవాటి మీసాలు, వీపంతా ముళ్లు. ఒకదాని పొట్ట కింద నారింజ రంగు గుడ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. నేను వంగి చూస్తుండగానే ఏజెంటు వాటిని తూచి, ఐసు పెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు. ఎంతకి కొన్నాడని పక్కన తట్టతో కూర్చున్నామెను అడిగాను. "అది మా తట్టలోకొచ్చే సరుకు కాదమ్మా. దాని ధర మాకెందుకు చెబుతారు? కానీ గుడ్డుతో ఉన్నదాన్ని పట్టుకుపోతే రేపేముంటాది?" అంది.

ఆ మాట పట్టుకుని లాబ్‌స్టర్ల మీద శాస్త్రవేత్తలు రాసినవి చదవడం మొదలుపెట్టాను. నాది సమాజశాస్త్రం, జీవశాస్త్రం కొత్త. ఆడ లాబ్‌స్టర్ శరీరం గురించి ఎంత శ్రద్ధగా లెక్కలు కట్టారో! ఎంత పొడవు పెరిగాక గుడ్లు పెడుతుంది, ఎన్ని లక్షలు పెడుతుంది, పిల్లలయ్యే దశకి గుడ్ల రంగు ఎలా మారుతుంది, అన్నీ ఉన్నాయి. ఆమె గుడ్లను నీళ్లలో వదిలేయదు. పొట్ట కింది చిన్న కాళ్లకి అంటించుకుని, వాటిని ఊపి కొత్త నీరు తగలనిస్తూ మోస్తుంది. అమెరికా ఈశాన్య తీరపు జాతి అయితే ఇలా తొమ్మిది నుంచి పదకొండు నెలలు మోస్తుంది. "తల్లి" అని రాయబోయి ఆగాను. ఆ మాటతో మనల్ని చాలాసార్లే బుజ్జగించారు.

ఈ లెక్కలు పనికిరానివని కాదు. ముంబై తీరంలో ట్రాలర్ల వలల్లో విరివిగా పడిన ఇసుక లాబ్‌స్టర్ 1994 నాటికి దాదాపు కనిపించకుండా పోయింది. గుడ్లతో ఉన్నవాటిని కూడా వదలకుండా పట్టేయడం అందుకు ఒక ముఖ్య కారణమని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు. 2003లో కేంద్ర ప్రభుత్వం ఎగుమతికి కనీస బరువులు నిర్ణయించింది: ఇసుక లాబ్‌స్టర్‌కి 150 గ్రాములు, ముళ్ల లాబ్‌స్టర్లలో జాతిని బట్టి 200, 300, 500 గ్రాములు. మంచిదే. అయితే ఈ నిబంధన ఎక్కడ అమలవుతుంది? ఎగుమతి గుమ్మం దగ్గర. అప్పటికి ఆ ప్రాణి సముద్రం దాటి, రేవు దాటి, పెట్టెలోకి చేరిపోయి ఉంటుంది. పైగా తూకపురాయికి గుడ్లు కనిపించవు. నేను చూసినది బహుశా ఆ బరువు దాటే ఉంటుంది.

నిబంధన పడవ మీదే అమలైతే ఎలా ఉంటుందో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం చూపిస్తుంది. గుడ్లతో ఉన్న లాబ్‌స్టర్లను పట్టకూడదని అక్కడ 1872లోనే చట్టం వచ్చింది. తర్వాతి కాలంలో ఇంకో పద్ధతి స్థిరపడింది. గుడ్లతో దొరికినదాని తోక రెక్క మీద చిన్న 'వి' గాటు పెట్టి నీళ్లలో వదిలేస్తారు. తర్వాత గుడ్లు లేకుండా దొరికినా సరే, ఆ గాటు చూసి మరొకరు కూడా వదిలేయాలి. "ఆడదాన్ని కాపాడాలి" అనే మాట ఎవరన్నా నాకు మొదట అనుమానమే. ఇక్కడ మాత్రం ఆ భారం పట్టేవాడి చేతి మీద పెట్టారు, అందుకే నచ్చింది. ఈ పద్ధతి, వేడెక్కుతున్న నీరు కలిసి అక్కడ లాబ్‌స్టర్లను పెంచాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఇంత జాగ్రత్త పాటించని దక్షిణాది రాష్ట్రాల తీరంలో అదే వేడి వాటిని కుదేలు చేసింది.

అక్కడ వ్యాపించిన పెంకు జబ్బు సంగతి చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. లాబ్‌స్టర్ పెంకు విడిచి కొత్తది తొడుక్కుంటే జబ్బు పాత పెంకుతో పోతుంది. గుడ్లు మోస్తున్నంత కాలం ఆడది పెంకు విడవదు. అందుకే జబ్బు ఎక్కువగా పట్టేది వాటికే. మెయిన్‌లో కూడా దిగుబడి 2016లో శిఖరానికి చేరి, ఆ తర్వాత మళ్లీ ఆ స్థాయి అందుకోలేదు. నీరు వేడెక్కించినది ఆ జాలర్లు ఒక్కరే కాదు కదా, గాటు ఎంత శ్రద్ధగా పెట్టినా దానికీ ఒక హద్దుంది.

మళ్లీ మన రేవుకి వస్తాను. సముద్రాన్ని కాపాడడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు ఎవరు మోస్తున్నారు? చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ కాలానికి ఇచ్చే సాయం 2019లో పదివేలు చేశారు, 2025లో ఇరవై వేలయింది. అది వేటకి వెళ్లేవారి లెక్క. వేలంలో కొని, మోసి, వీధి వీధి తిరిగి అమ్మే స్త్రీకి ఆ 61 రోజులూ తట్ట బోర్లించే ఉంటుంది. వడ్డీ మాత్రం ఆగదు. "ఇంట్లో మగాడికి ఇచ్చారుగా" అంటారు. మగాడు లేని ఇళ్లు, ఉన్నా ఆ డబ్బు ఇల్లు చేరని ఇళ్లు ఎన్ని లేవు?

శాస్త్రవేత్తల మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ లాబ్‌స్టర్ మీద నేను చదివిన పరిశోధనల్లో ప్రశ్న వేసింది పడవ యజమానికి, ఏజెంటుకి. గుడ్డుతో ఉన్న సరుకు ఏ నెలలో ఎక్కువ దిగుతుందో ప్రతిరోజూ రేవులో కూర్చునే ఆమెకి తెలియదా? ఆమెనెవరూ అడగలేదు.

రేవుల్లో పనిచేసే మన సంఘాలు వచ్చే ఏప్రిల్ 15కి ముందే తట్టల లెక్క తీయాలని నా సూచన. ఏ రేవులో ఎంతమంది కొని అమ్ముతున్నారు, నిషేధ కాలంలో ఎంత అప్పు చేస్తున్నారు, ఏ వడ్డీకి. అదే కాగితంలో గుడ్లతో దిగిన లాబ్‌స్టర్లు ఏ నెలలో కనిపించాయో వాళ్లనే అడిగి రాయండి. ఒక ప్రతి మత్స్యశాఖకి, ఒకటి పరిశోధనా సంస్థకి పంపుదాం.